అరవైకి ముందే

రిటైర్మెంట్ కాలిక్యులేటర్లన్నీ ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతాయి. ఇప్పుడు మీ వయసెంత, ఎప్పుడు రిటైరవుతారు, ఎన్నేళ్ళు బతుకుతారు? రెండో గడిలో 60 అని ముందే నింపి ఉంటుంది. మూడోదాంట్లో 80, కాదంటే 85. ముప్ఫైల్లో ఉన్న మేమంతా ఆఫీసులో ఆ గడులతో ఆడుకుంటూ ఉంటాం. సిప్ ఇంకో అయిదు వేలు పెంచితే 45కే ఉద్యోగం మానేయొచ్చని ఎవడో ఒకడు లెక్క తీస్తాడు. ఆ లెక్కలో తప్పు లేదు. దాని వెనక ఒక నమ్మకం ఉంది. 60 దాకా ఒంట్లో సత్తువ ఉంటుందనీ, ముసలితనం ఆ తర్వాతే వస్తుందనీ.

మాది కవిటి మండలం. ఆ నమ్మకం మా వైపు చెల్లదు.

ఇచ్ఛాపురం నుంచి పలాస, వజ్రపుకొత్తూరు దాకా సముద్రం పక్కనే సాగే ఈ నేలని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే అలా మారిందని చెప్తారు. కొబ్బరి, జీడి, పనస. పైనుంచి చూస్తే అంతా పచ్చదనమే. ఆ పచ్చదనం కింద దశాబ్దాలుగా మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు లేనివాళ్ళకీ, బీపీ లేనివాళ్ళకీ. నీళ్ళా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశంలోనే ఏదైనా ఉందా? ఎన్నో బృందాలు వచ్చి పరీక్షించాయి, కారణం మాత్రం ఇదీ అని తేలలేదు. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరుకు నరికే కూలీలకీ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళే అక్కడా ఇక్కడా.

ఈ జబ్బు చప్పుడు చెయ్యదు. నొప్పి ఉండదు. తెలిసేసరికి కిడ్నీ చాలామటుకు పోయుంటుంది. ఊళ్ళో నలభయ్యో ఏట ఒకతను మెట్లెక్కలేక కూర్చుండిపోతే "ముసిలోడైపోనాడు" అంటారు. ఎగతాళిగా కాదు, మామూలుగానే అంటారు.

మా వైపు పెన్షన్ అంటే చెట్టే. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. కొబ్బరి మొక్క నాటితే ఆరేడేళ్ళకి కాపుకొస్తుంది, ఆపైన యాభై అరవయ్యేళ్ళు కాస్తుంది. పాతికేళ్ళ వయసులో నాటినవాడికి ముసలితనం దాకా కాయలకి లోటుండదు. జీడిమామిడి ఉంటే ఏడాదికోసారి పిక్కల బస్తాలు పలాస వెళ్తాయి. చెట్టెక్కే ఓపిక లేకపోతే ఎక్కేవాడికి కూలిస్తే సరిపోతుంది. కాయ మాత్రం మనదే. ఏ ఫండ్ మేనేజరూ ఇంత మంచి పథకం తయారుచెయ్యలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా పెద్నాన్నకి అప్పుడు 56. ఎకరంన్నర తోటలో నిలబడిన చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మళ్ళీ మొక్కలు నాటాడు. అవి కాపుకొచ్చేసరికి తనకి ఎంతొస్తుందో వేళ్ళు ముడిచి లెక్కేసుకున్నాడు. మరుసటేడు ఊళ్ళో పెట్టిన వైద్య శిబిరంలో రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 2.1 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మగమనిషికి ఇది 1.3 లోపు ఉండాలి. నడుం నొప్పికి ఏళ్ళ తరబడి మింగిన మాత్రలు, వేయించుకున్న ఇంజక్షన్లు అప్పుడే ఆపించారు. ఆ రకం నొప్పి మందులు అసలే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా తొందరగా తినేస్తాయి.

ఇక్కణ్ణుంచి నా వృత్తి భాషలో చెప్తాను. సంక్షేమ పథకం అంటే ఒక షరతు. షరతు నిజమైతే డబ్బు కదులుతుంది. వృద్ధాప్య పెన్షన్‌కి షరతు: వయసు 60. అదీ మామూలుగా ఇంటికి ఒక్కటే. కిడ్నీ పెన్షన్‌కి షరతు: డయాలసిస్ మీద ఉండాలి, లేదా క్రియాటినిన్ 5 దాటాలి, లేదా వడపోత సామర్థ్యం 15 కంటే తగ్గాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయి ఉండాలి. కేంద్రం వాళ్ళ అటల్ పెన్షన్ యోజనలో 40 దాటితే చేరనివ్వరు. 70 నిండిన అందరికీ ఆయుష్మాన్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు. ఒక్కొక్కటీ చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ పక్కపక్కన పెట్టి, 57 ఏళ్ళ వయసుతో, 2.1 క్రియాటినిన్‌తో ఒక మనిషిని వాటిలోంచి నడిపించండి. ఏ షరతూ నిజం కాదు. ఎండలో పనికి వెళ్ళకూడదని డాక్టరు చెప్పిన రోజు నుంచి, సర్కారు లెక్కలో అతను రోగి అయ్యేదాకా, ఏళ్ళకేళ్ళు ఖాళీ. కిడ్నీని కాపాడగలిగేది ఆ ఖాళీలోనే. పని మానేస్తే తిండి ఉండదు కాబట్టి, అతను మళ్ళీ ఎండలోకి వెళ్ళేదీ అప్పుడే.

ఏమీ జరగలేదని అనను. ఒకప్పుడు డయాలసిస్‌కి రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి విశాఖ వెళ్ళేవాళ్ళు. తర్వాత సోంపేట, పలాస, టెక్కలిలోనే కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని పైపుల్లో ఉద్దానానికి తెచ్చే పథకాన్నీ అదే రోజు మొదలుపెట్టారు. డయాలసిస్ పెన్షన్ 2019లో 10,000 అయ్యింది. వృద్ధాప్య పెన్షన్ 2024లో 4,000 అయ్యింది. ప్రభుత్వాలు మారినా ఈ దిశ మారలేదు, మంచిదే. అయితే పెద్ద మొత్తాలన్నీ జబ్బు చివరి మెట్టు దగ్గరే ఉన్నాయి. కిడ్నీ పూర్తిగా పోతే 10,000. పోకుండా చూసుకుంటే, 60 వచ్చేదాకా సున్నా.

శ్రీకాకుళం జిల్లాలోనే ఇంకో రకం ముసలితనమూ ఉంది. కాళీపట్నం రామారావు 1924లో పుట్టారు. మాస్టారుగా రిటైరయ్యాక, 72 ఏళ్ళ వయసులో, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగు కథలన్నీ ఒకచోటికి చేర్చే పనిలో పడ్డారు. 2021 దాకా బతికారు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది, 60 తర్వాత మనిషి చెయ్యగలిగిన పని ఇంత ఉంటుందా అని. మా ఊళ్ళో ఎంతమందికి ఆ ఏళ్ళు దక్కకుండా పోయాయో.

పెద్నాన్న తోట సంగతికొస్తాను. కరోనా తర్వాత క్రియాటినిన్ 3 దాటినప్పుడు ఇంట్లో అందరం కూర్చున్నాం. తోట అమ్మి, సిటీలో పెద్ద ఆసుపత్రిలో చూపిద్దామన్నాడు హైదరాబాదులో గోడౌన్‌లో పనిచేసే మా అన్నయ్య. అమ్మడం ఇష్టం లేకపోతే నా పేరున రాయి, లోను తెస్తానన్నాడు. వాడిది స్వార్థం కాదు, భయం. పెద్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "తోటమ్మీసి నామీద పొయ్యకండి బావూ. మీ పెద్దమ్మకేటుంటాది?" అన్నాడు.

ఆ ప్రశ్నకి మా ఎవరి దగ్గరా జవాబు లేదు. నెల తిరక్కుండానే సగం తోట పెద్దమ్మ పేరున రిజిస్ట్రేషన్ చేయించాడు. ఆవిడకి సొంతంగా బ్యాంకు ఖాతా తెరిపించాడు. ఏటీఎం కార్డు ఆవిడ దగ్గరే ఉంటుంది.

పిల్లల పేరున రాసేయడం మన దగ్గర ప్రేమకి గుర్తు. రాయకపోతే నమ్మకం లేనట్టు. కానీ 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఒకటుంది. చూసుకోవాలన్న షరతు మీద 60 దాటినవాళ్ళు ఆస్తి రాసిస్తే, చూసుకోనప్పుడు ట్రిబ్యునల్ దాన్ని రద్దు చెయ్యొచ్చు. షరతు దస్తావేజులో స్పష్టంగా రాసి ఉంటే తర్వాత వాదన ఉండదు. ఆ ఒక్క వాక్యం రాయించమని అడగడానికి అమ్మానాన్నలు మొహమాటపడతారు. మనమే రాయించాలి.

పెద్నాన్నకి 60 నిండాక వృద్ధాప్య పెన్షన్ మొదలైంది. పోయిన నెల పరీక్షలో 3.4. డయాలసిస్ దాకా రాలేదు. తిత్లీ తర్వాత నాటిన చెట్లు కాయడం మొదలైంది. ఎండ ముదరకముందే తోటలో ఒక చుట్టు తిరిగొచ్చేస్తాడు.

ఉద్దానంలో పెన్షన్ షరతుని ఒక్క మెట్టు కిందకి దించితే చాలు. క్రియాటినిన్ 2 దగ్గరే, వయసుతో పని లేకుండా, నెలకి వృద్ధాప్య పెన్షన్ అంత ఇవ్వండి. దానితో ఒక మనిషి మధ్యాహ్నం ఎండలో పని మానుకోగలడు. ఈలోగా మన చేతిలో ఉన్నది చిన్న పని. ఈ పండక్కి ఇంటికెళ్ళినప్పుడు, నలభై దాటినవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒక్క రక్తపరీక్ష చేయించడం.