భువనగిరి గుట్టకు ఏ కెమెరా?

హైదరాబాదు నుండి వరంగల్లు దారిలో సుమారు 50 కిలోమీటర్లు వస్తే భువనగిరి గుట్ట కనబడుతుంది. అంతా ఒకే రాయి, ఎత్తు 500 అడుగుల పైమాటే. చాళుక్యరాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) పేరు మీదనే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు.

కుటుంబంతో ఇటువంటి చోట్లకు వెళ్ళేవారు మధ్యరకం ధరలో డిజిటల్ కెమెరా అడిగితే, దుకాణదారుడు ముందుగా మెగాపిక్సెల్‌లు లెక్క చెబుతాడు. ఆల్బములో పెట్టే 4×6 అంగుళాల ఫొటోకు రెండింటికి కొంచెం పైన చాలు. 12 ఉంటే గోడకు తగిలించే పటమే వస్తుంది. అంతకు మించిన అంకెకు డబ్బు పోయవద్దు.

చూడవలసినది కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్. మిట్టమధ్యాహ్నం ఆ బోడిరాతి మీద వెనుక తెరలో మన ముఖమే కనిపిస్తుంది గాని ఊరు కనిపించదు. తరువాత ఆప్టికల్ జూమ్. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే! మెట్లెక్కేటప్పుడు బరువు సంగతి మెడకే తెలుస్తుంది.

పైన ఆకాశం వెనుక నిలబెడితే అమ్మ ముఖం నల్లగా పడుతుంది. ఎక్స్‌పోజరును ప్లస్ వైపు ఒక మెట్టు పెంచండి. మంచి ఫోను ఉండి, దూరపు ఫొటోల అవసరం లేనివారు కొననే వద్దు, ఆ సొమ్ము పిల్లల ఫీజుకు వస్తుంది. కొనేవారు మాత్రం కెమెరాను దుకాణం బయటికి, ఎండలోకి తెచ్చి చూడనిమ్మని అడగండి.