పేరు అదే, తాళం రాలేదు

మందిరం పాత కంప్యూటర్‌లో విండోస్ 7 మళ్లీ వేయించాక, డి డ్రైవ్‌లోని బాప్తిస్మపు రికార్డులు తెరుచుకోలేదు. "యాక్సెస్ డినైడ్" అంది. పెండ్లికి సర్టిఫికెట్ కావలసినవారు ఎదురుచూస్తున్నారు.

ఫైళ్లు పోలేదు. విండోస్ మనల్ని పేరుతో కాదు, ప్రతి ఖాతాకు తానిచ్చిన సంఖ్యతో గుర్తిస్తుంది. అదే పేరుతో కొత్త ఖాతా తెరిచినా సంఖ్య వేరు. ఫోల్డర్‌కు యజమాని ఇంకా పాత సంఖ్యే.

అడ్మినిస్ట్రేటర్‌గా ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఓనర్‌గా మన ఖాతాను పెట్టాలి. లోపలి ఫోల్డర్లకూ వర్తించేలా టిక్ చేయాలి. తర్వాత మళ్లీ సెక్యూరిటీలో ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. మా రికార్డులు అలాగే తెరుచుకున్నాయి.

విండోస్ సొంత ఫోల్డర్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లకు పాత సర్టిఫికెట్ కావాలి.

మీ ఇంట్లోనూ పెద్దల ఫోటోలు ఇలా చిక్కుకుంటే, పోయాయనుకొని డిస్క్ చెరిపేయకండి. తలుపు మూసుకున్నంత మాత్రాన ఇల్లు ఖాళీ అయినట్టు కాదు.