ఎవరి దస్త్రము?

కోస్తా జిల్లాలోని ఒక పాలిటెక్నిక్ కళాశాలలో మొదటి సంవత్సరము చదువుచున్న బాలుడొకడు, వార్షికోత్సవమునకై కళాశాల వెబ్ పుటను సవరించు పనిని తానుగా కోరి తీసికొనెను. ల్యాబులోని ఆ కంప్యూటరు లినక్సుపై నడచునది. దానియందు బొమ్మలు లేవు, మౌసుతో నొక్కుటకు బొత్తాములు లేవు. నల్లని తెర, దానిపై మినుకుమినుకుమను ఒక గుర్తు, అంతే. ఏ పని కావలసినను ఆజ్ఞను అక్షరములలో వ్రాసి పంపవలసినదే. విమ్ అను ఎడిటరుతో ఆ పుటను తెఱచి, అతడు రెండు గంటలసేపు వంచిన తల ఎత్తక వ్రాసెను. అతిథుల పేర్లు, నాటకముల వరుస, బహుమతుల పట్టిక అన్నియు చక్కగా అమరినవి.

ల్యాబు మూయు వేళ అయినది. భద్రపఱచుమని అతడు ఆజ్ఞ నిచ్చెను. తెర అడుగున ఒక పంక్తి కనబడెను. ఇది చదువుటకు మాత్రమే తెఱవబడిన ఫైలు, అయినను వ్రాయదలచినచో ఆశ్చర్యార్థకమును చేర్చుము అని దాని భావము. అతడు చేర్చెను. వ్రాయుటకు ఫైలును తెఱవజాలనని మఱొక పంక్తి వచ్చెను.

నిజమునకు ఆ యంత్రము అతనిని ముందే హెచ్చరించినది. ఫైలు తెఱచినపుడే దాని పేరు ప్రక్కన, చదువుటకు మాత్రమే అను మాట కనబడినది. మొదటి అక్షరము వ్రాయగనే హెచ్చరిక యొకటి క్షణకాలము మెఱసి మాయమైనది. కాని క్రొత్తవారెవరును తెర అడుగుభాగమును చూడరు. వారి చూపంతయు తాము వ్రాయు పంక్తిమీదనే యుండును.

ప్రక్కనున్న మిత్రుడు ఉపాయము చెప్పెను. "ఆజ్ఞకు ముందు సూడో అని చేర్చరా, అన్నియు జరుగును." బాలుడు మఱొక కిటికీ తెఱచి అట్లే చేసెను. యంత్రము సంకేతపదము నడిగెను. మీటలు నొక్కుచున్నను తెరపై ఒక్క చుక్కయైనను పడలేదు. కీబోర్డు చెడినదేమో యని అతడు భయపడెను. సంకేతపదము పరులకు కనబడకుండుటకై చేసిన ఏర్పాటది. తుదకు వచ్చిన జవాబు చూచి అతనికి చెమటలు పట్టెను. నీ పేరు సూడో అధికారము గలవారి జాబితాలో లేదు, ఈ సంగతి అధికారికి తెలుపబడును అని దాని సారము.

తాళపుచెవులతో వచ్చిన ల్యాబు పర్యవేక్షకుడు ఆ బాలుని ముఖము చూచి విషయము గ్రహించెను.

"తప్పైనదండీ, నేను దొంగతనముగా ఏమియు చేయలేదండీ" అని బాలుడు లేచి నిలుచుండెను.

"కూర్చో నాయనా. ముందు నీ వ్రాతను కాపాడుకో. తక్కిన మాటలు తరువాత."

అతడు చెప్పినట్లు, భద్రపఱచు ఆజ్ఞ చివర అలవంటి గుర్తును, గీతను, ఒక క్రొత్త పేరును చేర్చి బాలుడు పంపెను. ఆ అలవంటి గుర్తునకు ప్రతివాని సొంత డైరెక్టరీ అని అర్థము. తన యింట వ్రాసికొనుటకు ఎవరి అనుమతి కావలయును? రెండు గంటల శ్రమయు నకలుగా అచట పదిలమయ్యెను. ఇంత సులభమైన దానిని ఎఱుగక ఎడిటరును మూసివేసి, వ్రాసినదంతయు పోగొట్టుకొన్నవారు ఎందఱో కలరు.

తరువాత ఆయన అసలు ఫైలు వివరములను తెరపైకి రప్పించెను. పంక్తి మొదట పది గుర్తులు కలవు. మొదటిది అది ఫైలో, డైరెక్టరీయో తెలుపును. తక్కిన తొమ్మిదియు మూడేసి చొప్పున మూడు భాగములు: యజమానికి, అతని బృందమునకు, ఇతరులకు. ప్రతి భాగమున చదువుట, వ్రాయుట, నడపుట అను మూడు హక్కులు. ఆర్, డబ్ల్యూ, ఎక్స్ అను అక్షరములు వాని గుర్తులు. హక్కు లేనిచోట అడ్డుగీత యుండును. ఆ పుటకు యజమాని రూట్, అనగా ఆ యంత్రమునకు సర్వాధికారి. అతనికి తప్ప వ్రాసెడి హక్కు ఎవరికిని లేదు.

దస్త్రమను మాట మన పల్లెలకు క్రొత్త కాదు. ఆంధ్రప్రదేశమున 1984లో ఆ పదవి రద్దగు వఱకు గ్రామ లెక్కలు కరణము వ్రాసెడివాడు. రైతు తన పొలము లెక్కను చదివించుకొని వినవచ్చును గాని, కలము తీసి తానే దిద్దుటకు వీలులేదు. కరణము వ్రాసినదంతయు సత్యమా యనునది వేఱు సంగతి!

కంప్యూటరులలో ఈ కట్టుబాటు నిన్న మొన్నటిది కాదు. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మున్నగువారు యూనిక్స్‌ను నిర్మింప నారంభించిరి. ఒకే యంత్రమును పలువురు పంచుకొని వాడుకొనుట వారి పద్ధతి. ఒకరి వ్రాతను మఱొకరు చెఱుపకుండుటకు హద్దు కావలసివచ్చెను. హక్కులను మార్చెడి ఛ్‌మాడ్ అను ఆజ్ఞ 1971 నాటి మొదటి యూనిక్స్ కరదీపికయందే కలదు. బిల్ జాయ్ 1976లో వీఐ అను ఎడిటరును వ్రాసెను. ఈ బాలుడు వాడిన విమ్ దాని సంతతిలోనిదే.

"అయితే 777 పెట్టిన సరిపోవును గదండీ?" అని మిత్రుడు నడుమ కల్పించుకొనెను.

చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1, మొత్తము 7. మూడు భాగములకును ఏడేసి యిచ్చినచో అందఱికిని అన్ని హక్కులును వచ్చును. చిక్కు తీఱినట్లే తోచును. ఈ సలహా ఎంత ప్రచారము పొందినదో అంత చెడ్డది.

"వెబ్ పుటలున్న డైరెక్టరీకి 777 ఇచ్చితివా, నీ ఫైలుపై ఎన్ని కట్టుబాట్లున్నను, ఈ యంత్రముపై ఖాతా గల ఎవడైనను దానిని తీసివేయగలడు. ఫైలును తొలగించు హక్కు ఫైలులో లేదయ్యా, అది యున్న డైరెక్టరీలో నున్నది. రేపు ఉత్సవము నాటి ఉదయము నీ పుట మాయమైనచో ఎవరి నడిగెదవు?"

మిత్రుడు మాటాడలేదు.

పర్యవేక్షకుడు తన అధికారముతో ఉత్సవ సంఘము పేర ఒక బృందమును సృష్టించి, పుటలను వాని డైరెక్టరీతో సహా దానికి అప్పగించెను. బృందమునకు వ్రాసెడి హక్కునిచ్చి, ఇతరులకు చదువుట మాత్రమే ఉంచెను. పిదప బాలుని పేరును బృందమున చేర్చెను. బాలుడు ఉత్సాహముతో మరల ప్రయత్నించెను. అనుమతి లేదనియే జవాబు!

"ఇదేమండీ?"

"నీవు లోనికి వచ్చునప్పటికి నీ పేరు బృందమున లేదు గదా. యంత్రము అప్పటి సంగతినే పట్టుకొనియున్నది. ఒకసారి బయటికి పోయి మరల రమ్ము."

బాలుడు నిష్క్రమించి, సంకేతపదముతో తిరిగి ప్రవేశించెను. ఇంటనున్న నకలును వెబ్ పుట స్థానమునకు చేర్చి, విమ్‌తో తెఱచెను. ఈ మాఱు మొదట తెర అడుగునే చూచెను. పేరు ప్రక్కన ఏ హెచ్చరికయు లేదు. ముఖ్య అతిథి పేరులో ఒక ఒత్తు తప్పిపోయినది. దానిని దిద్ది, ఆశ్చర్యార్థకము లేకయే భద్రపఱచెను. పంక్తుల సంఖ్యయు, వ్రాయబడినదను మాటయు అడుగున నిలిచెను.

"సూడో సంగతి అధికారికి తెలుపుదుమనినది గదండీ, వారేమందురో" అని అతడు మెల్లగా అడిగెను.

"ఆ అధికారిని నేనే నాయనా" అని పర్యవేక్షకుడు దీపములార్పుటకు లేచెను.