ఒకే వాకిలి... మూడు కోడ్‌లు!

హన్మకొండలోని ఆ ఇంటి ముందు మూడు బళ్లుంటాయి. తాతయ్య పాత స్కూటర్ మీద ఏపీ 36. కొడుకు కారు మీద టీఎస్ 03. మనవడి కొత్త బైకు మీద టీజీ 03. ఇల్లు మారలేదు, ఊరు మారలేదు. అక్షరాలే మారాయి.

‘‘ఆ స్కూటర్ ఎవరూ నడపట్లేదు కదా నాన్నా, పాత సామాన్లకు ఇచ్చేద్దాం’’ అన్నాడు కొడుకు ఓ ఆదివారం. తాతయ్య ఏమీ అనలేదు. మనవడే అడిగాడు... ‘‘రెండక్షరాల కోసం ఇంత గొడవెందుకు తాతయ్యా?’’

ఎందుకంటే ఆ రెండక్షరాలతోనే లోకం మనల్ని పిలుస్తుంది. దేశాలన్నింటికీ ఇలాంటి కోడ్‌లున్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వాటిని 1974లో తొలిసారి ప్రచురించింది. ఆ జాబితా పేరు ఐఎస్ఓ 3166. అందులో మనం ‘ఐఎన్’. వెబ్‌సైట్ల చివర కనిపించేదీ, మన రూపాయి కోడ్ ‘ఐఎన్ఆర్’ మొదట్లో ఉండేదీ అదే. పాస్‌పోర్టు మీది ‘ఐఎన్‌డీ’ మూడక్షరాల కోడ్. 1998లో రాష్ట్రాలకూ కోడ్‌లొచ్చాయి. వాటికి ముందు దేశం కోడ్ ఉండి తీరాలి. లేకపోతే ఉత్త ‘టీజీ’ అంటే పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశం!

ఈ టీజీది పెద్ద కథే. ఉద్యమం రోజుల్లో ఎంతోమంది తమ బళ్ల మీద ఏపీ తీసేసి టీజీ అని రాసుకున్నారు. 2014లో రాష్ట్రం వచ్చాక బళ్లకు ప్రభుత్వం ఇచ్చింది మాత్రం టీఎస్. ఐఎస్ఓ జాబితాలో మొదట టీజీ అనే చేరింది. 2023 నవంబరులో దాన్ని టీఎస్‌గా మార్చారు. దాదాపు నాలుగు నెలలకు, 2024 మార్చిలో, ఇక్కడ కొత్త బళ్లకు టీజీ వచ్చేసింది!

మరి పాత కోడ్‌లు ఏమవుతాయి? చెకోస్లొవేకియా 1993లో రెండు దేశాలయింది. దాని ‘సీఎస్’ కోడ్‌ని 2003లో సెర్బియా-మాంటెనెగ్రోకి ఇచ్చారు. పాత రికార్డుల్లో ఒక దేశం, కొత్త రికార్డుల్లో మరో దేశం... ఒకే పేరుతో! 2006లో అదీ విడిపోయింది. అయితే రద్దయిన కోడ్‌లను చెరిపేయరు. ఐఎస్ఓ 3166 మూడో భాగంలో వాటికంటూ ఓ చోటుంది. తూర్పు జర్మనీ, సోవియట్ యూనియన్... అన్నీ అక్కడ భద్రం.

తాతయ్య ఇదంతా చెప్పి, ‘‘ఏపీ 36 బండి మీదే మీ నాన్నని బడిలో దింపాను రా. అది తప్పుడు పేరు కాదు... అప్పటి పేరు’’ అన్నాడు.

కొడుకు మళ్లీ అమ్మకం మాటెత్తలేదు. సాయంత్రం మనవడు తన బైకుతోపాటు ఆ స్కూటర్‌నీ కడిగాడు. దుమ్ము పోయాక ఏపీ 36 స్పష్టంగా కనిపించింది.