ఇరానీ హోటల్‌ల కుర్చీలు తీసేసిన్రు

 

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు నుంచి దుబాయ్ పోయిన పాతోళ్ళకు సికింద్రాబాద్ జేబీఎస్ అంటే వట్టి బస్‌స్టాండ్ కాదు. 2008 మార్చి దాకా విమానం బేగంపేట నుంచే ఎగిరేది. రాత్రి బస్సు దిగినంక, ఏజెంటు టికెట్టు తెచ్చేదాకా ఎక్కడ కూసోవాలె? లాడ్జికి పైసలెక్కడియి? మాకు మూలమలుపు మీద ఒక ఇరానీ హోటలు ఉండేది. పేరు రాయం, ఎవరి గిరాకీ చెడగొట్టుడు మాకు ఇష్టం లేదు.

2006ల మేము నలుగురం రెండు దినాలు ఆ హోటల్‌లనే గడిపినం. పాలరాయి బల్లలు, వంపు చెక్క కుర్చీలు. ఒక్క చాయ్ మీద రెండు గంటలు కూసున్నా లెవ్వుమన్నోడు లేడు. తాళ్ళు కట్టిన మా అట్టపెట్టెలు బల్ల కిందనే. మా జేబులు ఖాళీ అయిన సంగతి సర్వర్ చాచాకు మేం చెప్పకముందే తెలిసింది. ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు తెచ్చి పెట్టి, వాపస్ వచ్చినప్పుడు ఇయ్యుండ్రి అన్నడు. 2009ల మొదటి సెలవుకు వచ్చినప్పుడు ఇచ్చినం. తీసుకోనీకి ఎంత సతాయించిండో!

ఇరానీ చాయ్‌ల డికాక్షన్ వేరే, పాలు వేరే. రాగి గిన్నెల ఆకు వేసి, మూత బిగించి, సన్నమంట మీద ఉంచుతరు. పాలు ఇంకో గిన్నెల చిక్కబడేదాకా మరుగుతయి. రెండూ కలిసేది కప్పులనే. షార్జాల మేం తాగే కరక్ అట్ల కాదు, అన్నీ ఒకటే గిన్నెల కుతకుత ఉడుకుతయి. అదీ మంచిదే, డ్యూటీల మనిషిని నిలబెడ్తది. గాని అది నిలబడి తాగే చాయ్, ఇది కూసొని తాగే చాయ్.

మొన్నటి సెలవు అయిపోయి ముగ్గురం తిరిగి బయలుదేరినం. నాలుగో ఆయనకు కంపెనీ సెలవియ్యలేదు. ఆయన కొడుకు మొదటిసారి గల్ఫ్ వస్తుండు, మా వెంటనే. "పోరన్ని ఆ హోటల్‌కు తోల్కపోండ్రి, చాచాకు చూపెట్టుండ్రి" అని ఆయన ఫోన్ల పదిసార్లు చెప్పిండు. ఇప్పుడు విమానం శంషాబాద్ నుంచి గద, జేబీఎస్ కాడ ఆగే పనే లేదు. అయినా మూడు గంటలు ముందుగాల వచ్చినం.

బోర్డు మీద పేరు అదే. లోపల ఏసీ, అద్దాల తలుపు, కౌంటర్ కాడ టోకెన్. కుర్చీలు లేవు, ఛాతీ ఎత్తు గుండ్రటి బల్లలు. సామాన్లు బయట పెట్టుమన్నరు. ఒకలం బయట లగేజీ కాడ నిలబడ్డం, మిగతావాళ్ళం లోపలికి. కాగితం గ్లాసుల, ముందే కలిపిన చాయ్ థర్మాస్ నుంచి పోసి ఇచ్చిన్రు. తీపి ఉంది, వేడి ఉంది, ఇంకేం లేదు. బిస్కెట్ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, అదే ఉప్పు తీపి, నోట్ల కరిగింది. చాచా గురించి అడిగితే కౌంటర్ పిలగాడు, "ఎవరో నాకెర్క లేదన్నా, నేనొచ్చి రెండేండ్లే" అన్నడు. వాని తప్పేముంది?

కిరాయిలు, పాల ధర, గ్యాసు మాకూ తెలుసు. ఒక్క చాయ్‌కి రెండు గంటలు కూసుంటే ఇప్పుడు ఏ సేటుకు గిట్టుబాటు అయితది? గాని సామాను బయట పెట్టుమన్న మాటే మాకు మింగుడు పడలేదు. ఒకప్పుడు ఆ హోటల్ నిండా సామాన్లున్నోళ్ళమే కద ఉండేది.

పోరడు గ్లాసు పట్టుకొని నాలుగు దిక్కులు చూసి, "బాపు చెప్పిన హోటల్ ఇదేనా కాకా?" అని అడిగిండు. ఇదే బిడ్డా అన్నం.

పుష్పక్ బస్సుల ఉండంగ షార్జా నుంచి ఫోన్. చాయ్ తాగిపిచ్చిండ్రా, చాచా ఏమన్నడు అని. మేం ఏం చెప్పాల్నో ఆలోచిస్తుంటే, పోరడే ఫోన్ గుంజుకున్నడు. "తాగిన బాపూ, మస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ నీకు తెస్తున్న" అన్నడు.