నిమ్మకాయకు లొంగనిది

రేక్యవిక్, 2019

జూన్ 11
రాత్రి పదకొండు. పొద్దు గూకలేదు. స్నానం చేసొస్తే ఒళ్ళంతా కోడిగుడ్డు వాసన. భూమిలోంచి వచ్చిన వేడినీళ్ళే కుళాయిలోకీ. రెండు వారాలకే ముక్కు ఊరుకుంది. నిద్రే ఊరుకోవడం లేదు.

జూన్ 19
అమ్మ ఫోను. హీటర్ రాడ్డుకి బోరునీళ్ళ సున్నం పెచ్చుకట్టిందట. నిమ్మరసంలో నానేసిందట. "బుసబుసా పొంగిందే! పొద్దున్నకి తళతళ. పూడిపోతాయంటావే, మీ వేడినీళ్ళ గొట్టాలకీ అదే పిండండి."
నవ్వాను. కాస్త ఎక్కువే నవ్వానేమో. వెంటనే పెట్టేసింది.

జూన్ 27
ల్యాబులో బొటనవేలంత బసాల్టు ముక్క. ఒక కొసనుంచి వేడి ఉప్పునీళ్ళు. పొద్దుట సాఫీగా పోయినవి సాయంత్రానికి మొరాయించాయి. ప్రెషర్ పెరుగుతూనే ఉంది. పంపు ఆపేశాను. పాడుచేశానా?

జూలై 5
ఆ బసాల్టు స్లైడు వచ్చింది. రాయిలో ఖాళీ తగ్గింది కొంచెమే. దారే పోయింది. గదులు గదుల్లాగే ఉన్నాయి, గుమ్మాలు పూడుకున్నాయి. ఒక్కచోట మరీ... ఖాళీలు కనబడాలని నింపిన నీలం రెసిను గుమ్మందాకా వచ్చి ఆగింది. అక్కడ తెల్లటి అంచు, ఆరిన గంజి చారలా. ఇంత సన్నటిదా?
నాలుగుసార్లు చూశాను. భోజనం మర్చిపోయాను.

జూలై 14
స్వార్త్‌సెంగీ భూతాప కేంద్రం. 1976లో ప్లాంటు మొదలైనప్పుడు వాడిన నీళ్ళని లావా మీదికి వదిలేశారు. అన్ని బొరియలున్న రాయి, తాగేస్తుందనుకున్నారు. తాగలేదు. కింద 240 డిగ్రీల దగ్గర కరిగిన సిలికా, పైన చల్లారగానే దిగి బొరియలన్నీ పూడ్చింది. నీళ్ళు నిలిచిపోయాయి. అదే బ్లూ లగూన్.
వాడిన నీళ్ళని తిరిగి భూమిలోకి పంపే ఇంజెక్షన్ బావి ఇలా పూడితే మేం తల పట్టుకుంటాం. ఇక్కడ టికెట్టు కొనుక్కుని దిగుతారు. నేనూ దిగాను. తెల్లబురద మొహానికి పూసుకున్నాను. జుట్టు చీపురుకట్ట. ఎందుకో సిగ్గేసింది.
బస్సులో తట్టింది. అమ్మ రాడ్డు మీద సున్నం వేడికి దిగింది. ఈ సిలికా చల్లారి దిగింది. రెండూ తెల్లగానే ఉంటాయి.

జూలై 15
గోళ్ళ సందులో ఆ తెల్లబురద ఇంకా ఉంది. గీకి కాయితం మీద ఆరబెట్టాను. హాస్టల్ ఫ్రిజ్‌లో అర నిమ్మచెక్క, ఎవరిదో. పిండాను. వంగి చెవి పెట్టి కూడా విన్నాను.
అమ్మకి ఫోన్ చేశాను.
"పొంగలేదమ్మా."
"కాయ ఎండిపోయిందేమో. ఇంకోటి పిండి చూడు."