చేతులు మారిన నాదం

కచేరీ ముగిసిన తరువాత పాట ఎక్కడికి పోతుంది? శిల్పి చెక్కిన రాయి శతాబ్దాలు నిలుస్తుంది. కవి వ్రాసిన తాళపత్రం చెదలు పట్టేదాకానైనా ఉంటుంది. గాయకుడు అప్పటికప్పుడు కల్పించిన స్వరం మాత్రం గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతుంది. విన్నవారి జ్ఞాపకమే దానికి మిగిలిన చోటు. ఆ జ్ఞాపకం కూడా కాలం గడిచేకొద్దీ మసకబారుతుంది. అమెరికాలో ఒక సంగీతబృందాన్ని ప్రేమించిన శ్రోతలు ఈ నష్టాన్ని విధి అనుకొని ఊరుకోలేదు. వారు దాదాపు మూడు దశాబ్దాలపాటు తమ ఖర్చుతో, తమ చేతులతో ఆ పాటను పట్టి దాచారు. దాచినదానిని అమ్ముకోక పదిమందికి పంచారు.

ఆ బృందం పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాలో ఆల్టో పట్టణంలో అది రూపుదిద్దుకొన్నది. జెర్రీ గార్సియా, బాబ్ వీర్, ఫిల్ లెష్, బిల్ క్రూట్జ్‌మన్, రాన్ మెకర్నన్ తొలినాళ్ళ సభ్యులు. 1967లో మిక్కీ హార్ట్ రెండవ డ్రమ్ము వాద్యకారుడుగా చేరాడు. ఇతడు తబలా విద్వాంసుడు అల్లా రఖా వద్ద లయ రహస్యాలు నేర్చినవాడు. అల్లా రఖా కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో తరువాతి కాలంలో ఎన్నో వేదికలు పంచుకొన్నవాడు. 1995 ఆగస్టు 9న గార్సియా తన 53వ ఏట మరణించాడు. మిగిలినవారు ఆ పేరుతో ఇక పాడరాదని నిశ్చయించుకొన్నారు. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆ బృందం సుమారు 2,300 కచేరీలు చేసింది. ఆ బృందం చుట్టూ, గార్సియా జీవితంలోనూ మాదకద్రవ్యాల నీడ దట్టంగానే ఉన్నది. దానిని దాచి వారి సంగీతాన్ని మాత్రమే పొగడటం న్యాయం కాదు.

ఇన్ని కచేరీలలో ఏ రెండూ ఒక్కలాగా ఉండవు. ఆ రోజు ఏ పాట తరువాత ఏ పాట వస్తుందో వారు ముందుగా వ్రాసుకొనే అలవాటు లేదు. 'డార్క్ స్టార్' అనే పాట 1968లో చిన్న రికార్డుగా వెలువడినప్పుడు మూడు నిమిషాలైనా లేదు. అదే పాట వేదిక మీద ఇరవై నిమిషాలు దాటి సాగేది. కర్ణాటక సంగీతంలో మనోధర్మం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. కాని ఒక భేదమున్నది. ఇక్కడ ఆలాపనలో ప్రధాన గాయకుడు దారి చూపగా పక్కవాద్యాలు అనుసరిస్తాయి. అక్కడ ఐదారుగురు ఒకేసారి, ఎవరూ ముందు నడవకుండా, ఒకరినొకరు వింటూ దారి వెదుక్కొంటారు. దారి దొరికిన రాత్రి సభ అంతా నిలబడి ఊగిపోయేది. దొరకని రాత్రులూ చాలానే ఉన్నాయి. అపశ్రుతులు, మరచిన చరణాలు, మధ్యలో చతికిలబడిన పాటలు అభిమానులందరికీ తెలుసు. విచిత్రమేమంటే వారు వాటిని కూడా వినదలచుకొన్నారు. నిన్న తప్పిన దారి నేడు ఎలా దొరికిందో తెలియాలంటే నిన్నటిది కూడా వినాలి కదా!

ఇటువంటి సంగీతాన్ని స్టూడియోలో తయారైన రికార్డు పట్టి చూపలేదు. అందుకే కొందరు అభిమానులు టేపు యంత్రాలను దుస్తులలోనో, సంచులలోనో దాచి కచేరీలకు తీసుకొనిపోసాగారు. తొలిరోజులలో ఇది దొంగచాటు పనే. బృందం సిబ్బంది కంటపడితే తీగలు తెగేవి, పరికరాలు పోయేవి. 1971లో లెస్ కిపెల్ అనే న్యూయార్కు అభిమాని టేపులను ఉచితంగా మార్చుకొనే సంఘమొకటి ప్రారంభించాడు. మూడేళ్ళకు దాని నుండి ఒక పత్రిక కూడా పుట్టింది. నీ దగ్గర ఫలానా రాత్రి ఉంటే నాకు పంపు, నా దగ్గర ఉన్న రాత్రి నీకు పంపుతాను అనే ఉత్తరాలు ఊరినుండి ఊరికి నడిచాయి. ముఖం చూడని మనుషుల మధ్య నడిచిన వ్యవహారమది. హామీపత్రం లేదు, సాక్షి లేడు. టేపు పంపినవాడు తిరుగు టపాకోసం ఎదురుచూస్తూ కూర్చొనేవాడు.

ఈ మార్పిడికి ఒకే ఒక కట్టుబాటు ఉండేది: టేపును అమ్మరాదు. అమ్మినవాడు తెలిసిపోతే అతనికి ఇక ఎవరూ టేపు పంపేవారు కారు. మార్చుకోవటానికి చేతిలో ఏమీ లేని కొత్తవాని సంగతేమిటి? అతడు రెండు మూడు ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా ఖర్చు పంపితే చాలు. పాత అభిమాని తన సాయంకాలం వెచ్చించి నకలు తీసి పంపేవాడు. ఇందులో పంపినవానికి లాభమేమీ లేదు. తనకు కూడా మొదటి టేపు అలాగే ఎవరో ఇచ్చారన్న స్మృతి తప్ప.

విద్య పంచినకొద్దీ పెరుగుతుందని పెద్దలంటారు. క్యాసెట్టు సంగతి అందుకు విరుద్ధం. నకలుకు నకలు తీసినకొద్దీ వెనుకనుండి బుసబుసమనే రొద పెరుగుతుంది, స్వరం పలుచబడుతుంది. నాలుగైదు చేతులు మారిన టేపులో పాటకంటె రొదే ముందు వినిపిస్తుంది. అందువలన ప్రతి క్యాసెట్టు అట్టమీద కచేరీ జరిగిన తేదీ, ఊరు, పాటల వరుసతోపాటు అది అసలుకు ఎన్నవ నకలో కూడా వ్రాసేవారు. వంశవృక్షంలో తరాలు లెక్కించినట్లు టేపుకు తరాలు లెక్కించారు. ఈ అరుగుదలను తగ్గించటానికి వారు ఒక ఉపాయం పన్నారు. మంచి ప్రతి ఉన్నవాడు వేరు. అతడు కొద్దిమందికి నకళ్ళిస్తాడు, వారు కొమ్మలు. ఒక్కొక్క కొమ్మ మరికొందరికి ఇస్తుంది, వారు ఆకులు. ఇలా రెండు మూడు తరాలలోనే వందమందికి పాట చేరుతుంది. దీనికి వారు పెట్టుకొన్న పేరు కూడా టేపుల చెట్టు.

టేపులలో రెండు జాతులున్నాయి. వేదిక మైకుల ధ్వనిని ఒకచోట చేర్చి సరిదిద్దే సౌండ్‌బోర్డు నుండి నేరుగా తీసినవి ఒక జాతి. వీటిలో ప్రతి వాద్యం స్పష్టంగా పలుకుతుంది. ప్రేక్షకుల నడుమ మైకు నిలిపి పట్టినవి రెండవ జాతి. వీటిలో పాటతోపాటు చప్పట్లు, కేకలు, ప్రక్కవాని దగ్గు కూడా ఉంటాయి. ఏది మేలని అభిమానులు ఏళ్ళతరబడి వాదించుకొన్నారు. మొదటిది వింటే ఆ రాత్రి ఏమి పాడారో తెలుస్తుంది; రెండవది వింటే ఆ రాత్రి అక్కడ ఉండటం ఎటువంటిదో తెలుస్తుంది. ఈ వాదం ఇంతవరకు తేలలేదు, తేలవలసిన అవసరమూ కనిపించదు.

బృందం దీనినంతటినీ ఎందుకు సహించింది? గార్సియా గతంలో ఒక కారణం దొరుకుతుంది. అతడు యువకుడుగా ఉన్నప్పుడు, 1964లో, బ్లూగ్రాస్ అనే జానపద సంగీతాన్ని టేపు చేసుకోవటానికి మిత్రునితో కలిసి కారులో దేశం అడ్డంగా తిరిగాడు. తాను చేసిన పనిని ఇతరులు చేస్తుంటే కాదనటం అతనికి చేతకాలేదు. వాయించిన తరువాత ఆ స్వరంతో తమ పని అయిపోయిందని, ఇక అది వినేవారిదని అతని అభిప్రాయం. అయినా చిక్కులు తప్పలేదు. 1980 దశకం వచ్చేసరికి మైకుల గుంజలు సభ మధ్యలో అడవిలా లేచాయి. ధ్వనిని సరిచూసే నిపుణునికే వేదిక కనిపించకుండా పోయింది. వెనుకవారు విసుక్కొన్నారు. నిషేధించటం సులభమైన మార్గం. బృందం అలా చేయక 1984 అక్టోబరులో, బర్క్లీ నగరపు కచేరీలతో, ధ్వని నిపుణుని పీఠం వెనుక టేపు చేసేవారికే ప్రత్యేకంగా కొంత స్థలం కేటాయించి విడిగా టిక్కెట్లు ఇచ్చింది. దొంగచాటు పని ఆ రోజుతో హక్కు అయింది.

దీనివలన బృందం నష్టపోయిందా అంటే లేదు. వారి ఒకే ఒక పాట, 'టచ్ ఆఫ్ గ్రే', 1987లో అమెరికా ప్రజాదరణ పట్టికలో మొదటి పదింటిలోకి వచ్చింది. అయినా వారి సభలు ఎప్పుడూ నిండేవి. ఒక టేపు విన్నవాడు మరునాడు టిక్కెట్టు కొనేవాడు. అయితే ఈ ఉదాహరణ చూపి కళాకారులందరూ తమ పాటను ఉచితంగా పంచాలని అనటం తొందరపాటు. వీరి జీవనం కచేరీల మీద నడిచింది; ఆ రాత్రి మరల రాదు కనుక టేపు టిక్కెట్టుకు పోటీ కాలేదు. రికార్డుల అమ్మకమే ఆధారమైన గాయకునికి ఈ లెక్క కుదరదు.

టేపుల చరిత్రలో 1977 మే 8వ తేదీకి ఒక ప్రత్యేకత ఉన్నది. ఆ రాత్రి న్యూయార్కు రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలులో బృందం వాయించింది. మే నెలలో కూడా బయట మంచు కురిసింది. సౌండ్‌బోర్డు నుండి ఆ కచేరీని టేపు చేసినది బెట్టీ కాంటర్ జాక్సన్ అనే మహిళ. పురుషులే నిండిన ఆ వృత్తిలో ఆమె చెవి సాటిలేనిదని అభిమానులు నేటికీ చెప్పుకొంటారు. ఆమె తీసిన టేపులు ఆమె పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. కాని ఆమెకు ఆర్థికమైన ఇబ్బందులు వచ్చాయి. అద్దె గదిలో దాచిన టేపుల చుట్టలు అద్దె కట్టలేక 1986లో వేలానికి వెళ్ళాయి. ఎన్నో రాత్రుల సంగీతం పాత సామానుతో కలిసి పాట పాడుకొన్నవారి పాలైంది. అవి ఏ చెత్తకుప్పకో చేరి ఉంటే ఇక అంతే. అదృష్టవశాత్తు వాటి విలువ ఎరిగినవారు వాటిని నకలు తీసి పంచారు. కార్నెల్ కచేరీ 2011 సంవత్సరపు జాబితాలో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం వారి జాతీయ ధ్వనిముద్రణల పట్టికకెక్కింది. అధికారికమైన డిస్కుగా అది వెలువడినది 2017లో! అప్పటికే అది అభిమానుల అలమరలలో తరాలు మారింది.

అభిమానులలో ఒకడైన డిక్ లాట్‌వాలా ఇలా టేపులు సేకరించి సేకరించి చివరికి బృందపు స్వంత భాండాగారానికే రక్షకుడైనాడు. ఏ రాత్రి ఎంత బాగుందో అతనికి కంఠతా వచ్చు. 1993 నుండి అతడు ఎంచిన కచేరీలు అతని పేరుతోనే డిస్కులుగా వచ్చాయి. 1999లో అతడు మరణించాడు.

కంప్యూటరు వచ్చిన తరువాత నకలుకు అరుగుదల లేకుండా పోయింది. తపాలా అవసరమూ తీరింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారంలో వేలాది టేపులు చేరాయి. 2005 నవంబరులో బృందం తరఫువారు వాటి దింపుకోలును ఒక్కసారిగా ఆపించారు. అభిమానులు భగ్గుమన్నారు. ఆ టేపులు మోసినవారు, నకలు తీసినవారు, శుభ్రపరచినవారు తామే కదా అని వారి బాధ. ఫిల్ లెష్ తనకు ఆ సంగతి ముందుగా తెలియదని బహిరంగంగా ప్రకటించాడు. కొద్ది రోజులలోనే రాజీ కుదిరింది. ప్రేక్షకులు తీసినవి మునుపటిలా దింపుకోవచ్చు. సౌండ్‌బోర్డు టేపులు మాత్రం అక్కడే వినవచ్చు. చట్టం దృష్టిలో బృందానికి హక్కు లేదని చెప్పలేము. కాని ఒకసారి కానుకగా చేతిలో పెట్టినదానిని ఇరవై ఏళ్ళ తరువాత తిరిగి లెక్క అడిగితే ఇచ్చినవాని చేయే చిన్నదవుతుంది.

గార్సియా మరణించిన తరువాత పుట్టినవారు నేడు ఆ టేపులు వింటున్నారు. పాత క్యాసెట్టుకు ఒక వైపు నలభై ఐదు నిమిషాలే పట్టేవి. అందువలన కొన్ని టేపులలో, గిటారు ఎక్కడికో ఎగసిపోతుండగా, ధ్వని తటాలున తెగిపోతుంది. క్షణకాలం ఏమీ వినిపించదు. చీకటిలో ఎవరో తడుముకొంటూ క్యాసెట్టును రెండవ వైపుకు తిప్పుతున్నారు. తిరిగి పాట అందుకొనేసరికి గిటారు మరొకచోట ఉంటుంది, జనం చప్పట్లు కొడుతుంటారు.